పడకా, పొద్దూ: రాత్రి హాయిగా నిద్రపట్టాలంటే ఏం చేయాలి

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. పొద్దస్తమానం ఒళ్లు వంచి పనిచేసిన మనిషి విషయంలో అది నిజమే, కటిక నేల మీద వాలినా కళ్లు మూతలు పడతాయి. నెలల తరబడి నిద్ర సరిగా పట్టని మనిషిని అడిగి చూడండి. దిండులో ఏ మూల దూది గడ్డకట్టిందో, పరుపు ఎక్కడ గుంటపడిందో, తలుపు సందులోంచి వెలుగు గోడ మీద ఎక్కడ పడుతుందో పూసగుచ్చినట్టు చెబుతారు. నిద్ర పలచబడే కొద్దీ పడక మీద ఉన్న ప్రతి ఇబ్బందీ పెద్దదవుతుంది. అలాంటి రాత్రులు నేనూ చూశాను. అప్పుడు నాకెవరైనా వరసగా ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పి ఉంటే బాగుండేది అనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. నిద్ర మనం పిలిస్తే వచ్చేది కాదు. దాన్ని తెచ్చేవి ఒంట్లో రెండున్నాయి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అది పెరిగే కొద్దీ కళ్లు బరువెక్కుతాయి. రెండోది ఒంట్లోని గడియారం. ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు ఒళ్లు చల్లబడి నిద్రకు సిద్ధం కావాలో అది చెబుతుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రెండూ వాటి పని అవి చేసుకుంటాయి. వాటికి అడ్డం తగలకుండా చూసుకోవడమే మనం చేయగలిగింది.

అందుకని ముందు పడక సరిచేయండి, అది ఒక సెలవు రోజులో అయిపోయే పని. ఆ తర్వాత లేచే వేళ, ఆపైన సాయంత్రం అలవాట్లు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వారానికి ఒకటి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో మీకే తెలుస్తుంది.

1. పరుపును పగటి వెలుగులో చూడండి

దుప్పటి తీసేసి, కిటికీ తెరిచి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని పరుపును కంటి మట్టంలో చూడండి. నడుము ఆనే చోట గుంట ఉంటే ఇట్టే కనబడుతుంది. తర్వాత మీరు రోజూ పడుకునే తీరులోనే ఓ పదిహేను నిమిషాలు పడుకోండి. వెల్లకిలా తిరిగి నడుము కింద అరచెయ్యి దూర్చండి. చెయ్యి దూరాక ఇంకా ఖాళీ మిగిలితే పరుపు మీకు మరీ గట్టిగా ఉందన్నమాట. చెయ్యి దూర్చడమే కష్టమైతే మీరు అందులో కూరుకుపోతున్నారు. నడుముకు తాకుతూ చెయ్యి లోపలికి వెళ్తే పరుపు మీ ఒంటికి సరిపోయినట్టే.

నడుం నొప్పి ఉన్నవాళ్లు చెక్క మీదే పడుకోవాలని చాలామంది గట్టిగా నమ్ముతారు. స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుం నొప్పితో ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గట్టి పరుపులు, ఇంకో గుంపుకి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. కాబట్టి నొప్పి కోసం కటిక గట్టి పరుపు కొనాలనుకుంటుంటే ఇంకోసారి ఆలోచించండి.

పరుపు ఏడు నుంచి పదేళ్లు మన్నుతుందని సాధారణంగా చెబుతారు. ఏళ్ల లెక్క కంటే నమ్మదగిన గుర్తు ఒకటుంది. వేరే ఊరు వెళ్లి వేరే మంచం మీద పడుకున్నప్పుడు ఇంట్లోకంటే బాగా నిద్రపట్టి, పొద్దున ఒళ్లు నొప్పులు లేకుండా లేస్తున్నారా? అయితే మీ పరుపు పని అయిపోయింది.

కొత్తది కొనే వీలు లేకపోతే ఉన్నదాన్ని బాగుచేసుకోవచ్చు. ఒకవైపే వాడాల్సిన పరుపైతే మూడు నాలుగు నెలలకోసారి తలవైపును కాళ్లవైపుకి తిప్పండి. రెండువైపులా వాడేదైతే బోర్లా కూడా తిప్పొచ్చు. పరుపు తీసి మంచం పలకలు కూడా చూడండి. చాలాసార్లు గుంట పరుపులో ఉండదు, కింద వంగిన పలకలో ఉంటుంది. దూది పరుపును ఎండలో వేసి, దులిపి, గట్టిపడితే దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. ఫోమ్, లేటెక్స్ పరుపులను మాత్రం ఎండలో వేయకండి, ఎండకు అవి పెళుసెక్కి పొడిపొడి అవుతాయి. వాటికి నీడన గాలి ఆడితే చాలు.

2. దిండు: అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది ఇదే

నాకు చాలా నెలలు పొద్దున్నే మెడ పట్టేసేది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చోవడం వల్లేనని నమ్మి కుర్చీ మార్చాను, బల్ల ఎత్తు మార్చాను. ఒక మధ్యాహ్నం నేను పక్కకి తిరిగి పడుకుని ఉండగా ఇంట్లోవాళ్లు ఫోనులో ఫోటో తీసి చూపించారు. రెండు దిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని పడుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఫోటోలో నా వెన్ను నిటారుగానే ఉంది, మెడ మాత్రం కొడవలిలా పైకి వంగి ఉంది. ఏడెనిమిది గంటలు అలా ఉంటే ఏ మెడైనా పట్టేస్తుంది. ఆ రాత్రే ఒక దిండు తీసేశాను. మొదటి మూడు రాత్రులు తల కిందికి జారిపోతున్నట్టు అనిపించి ఇబ్బంది పడ్డాను. పది రోజుల్లో మెడ తేలికైంది.

మీరూ ఎవరిచేతైనా అలా ఒక ఫోటో తీయించుకోండి. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ముక్కు, గడ్డం, రొమ్ము మధ్య భాగం ఒకే గీతలో ఉండాలి. తల పైకి లేచినా, కిందికి వాలినా దిండు ఎత్తు తప్పినట్టే.

ఎంత ఎత్తు కావాలో కొలుచుకోవడం తేలిక. గోడకు భుజం ఆనించి, ముందుకు చూస్తూ నిటారుగా నిలబడండి. గోడకీ చెవి పక్కనున్న తలకీ మధ్య ఖాళీ ఎంతో కొలవండి. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకు, మీ తల బరువుకి అణిగాక దిండు దాదాపు అంత ఎత్తు ఉండాలి. పరుపు మెత్తనిదైతే భుజం లోపలికి దిగుతుంది కాబట్టి కాస్త తక్కువ చాలు. వెల్లకిలా పడుకునేవాళ్లకు పలచని దిండు మంచిది, దాని అంచు మెడ వంపు కిందికి రావాలి, భుజాల కిందికి రాకూడదు. బోర్లా పడుకునేవాళ్ల మెడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఆ అలవాటు మానడం కష్టమే, ఈలోగా తల కింద దాదాపు అప్పడంలా ఉన్న దిండు పెట్టుకుని, పొట్ట కింద ఇంకో పలచని దిండు వేసుకోండి. నడుము మీద భారం తగ్గుతుంది.

పక్కకి పడుకునేవాళ్లు మోకాళ్ల మధ్య ఒక దిండు, వెల్లకిలా పడుకునేవాళ్లు మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఈ చిన్న మార్పు మొదటి రాత్రే తెలుస్తుంది.

ఫోమ్ లేదా ఫైబర్ దిండు ఇంకా పనికొస్తుందో లేదో తెలియాలంటే మధ్యకు మడిచి వదలండి. వెంటనే విచ్చుకుంటే బాగుంది. మడిచినది మడిచినట్టే ఉంటే మార్చేయండి.

ఏడాది లోపు పసిపిల్లల విషయంలో ఇవేవీ వర్తించవు. వాళ్లను గట్టి, చదునైన పక్క మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి. దిండు, మెత్తని బొంత, వదులు దుప్పటి, బొమ్మలు ఏవీ పక్కలో ఉండకూడదు. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది.

3. దుప్పట్లు, గలీబులు

ఒంటికి తగిలే గుడ్డ చెమట పీల్చాలి, గాలి ఆడాలి. నూలు, నార గుడ్డలు ఆ పని చేస్తాయి. కొనేటప్పుడు దారాల లెక్క (థ్రెడ్ కౌంట్) ఎక్కువ ఉంటే మంచిదని నమ్మి మోసపోకండి. సన్న పోగులను రెండు మూడు కలిపి పేని, ఒక్కో పోగునూ విడిగా లెక్కేసి పెద్ద అంకె రాయడం జరుగుతుంది. చేత్తో పట్టుకుని చూడండి. పల్చగా, గరగరలాడుతూ ఉండే నేత చల్లగా ఉంటుంది, నున్నగా మెరిసే నేత కాస్త వేడి పట్టి ఉంచుతుంది. కొత్త దుప్పటిని వాడే ముందు ఒకసారి ఉతకండి, మిల్లులో పెట్టిన గంజి, రసాయనాలు పోతాయి.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి ఉతకాలి. ముక్కు దిబ్బడ, తుమ్ములు, పొద్దున్నే కళ్ల దురద ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోండి. పక్కలో కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఉంటాయి, మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటి తిండి. మామూలు నీళ్లకు అవి చావవు, 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లకు చస్తాయి. నిద్ర లేవగానే పక్క మడిచి చుట్టేయకండి. ఒక అరగంట దుప్పటి తీసి ఉంచి, గాలి ఆడనిచ్చి, దులిపి అప్పుడు సర్దండి. రాత్రి పట్టిన చెమట తేమ ఆరిపోతుంది.

ఇద్దరు పడుకునే మంచం మీద ఒకే దుప్పటి గొడవకు దారితీస్తుంటే చెరొకటి తెచ్చుకోండి. ఒకరికి ఉక్క, ఒకరికి చలి అయితే ఇంతకంటే తేలిక మార్గం లేదు.

4. గది: చల్లగా, చీకటిగా

నిద్రపట్టే వేళకు ఒంట్లోపలి వేడి తగ్గడం మొదలవుతుంది, తెల్లవారుజాము దాకా దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు. అక్కడి రక్తనాళాలు విచ్చుకుని వేడిని వదిలేస్తాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా చిట్కాల వెనకున్న మర్మం తెలుస్తుంది. ఉక్కగా ఉన్నప్పుడు పాదాలు దుప్పటి బయట పెడితే హాయిగా ఉండేది ఇందుకే. చలికి పాదాలు గడ్డకట్టి నిద్రపట్టనివాళ్లకు వదులు సాక్సులు పనిచేసేది కూడా ఇందుకే, పాదాలు వెచ్చబడితే నాళాలు విచ్చుకుంటాయి, లోపలి వేడి దిగుతుంది.

వేడి నీళ్ల స్నానం కూడా అలాగే. పడుకోవడానికి గంట రెండు గంటల ముందు 40 నుంచి 42 డిగ్రీల నీళ్లతో పది నిమిషాలు చేసినా నిద్ర త్వరగా పడుతుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ తేల్చింది. స్నానం చేసి నేరుగా మంచమెక్కకండి, ఒళ్లు చల్లబడటానికి ఆ గంట కావాలి.

చీకటికి పరీక్ష ఒకటే. దీపాలన్నీ ఆర్పి అయిదు నిమిషాలాగి, ముఖం ముందు చెయ్యి పెట్టుకోండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తుంటే వెలుగు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. ఛార్జరు మీద బల్బు, రౌటరు దీపం, తెర పక్క సందు. నల్ల టేపు ముక్క, మందపాటి తెర, అవి కుదరకపోతే కళ్లకు గంత. చప్పుడు విషయంలో ఎడతెగని సన్నని హోరు ఇబ్బంది పెట్టదు, ఉన్నట్టుండి వచ్చే చప్పుడే లేపుతుంది. అందుకే ఫ్యాను హోరు చాలామందికి మేలు చేస్తుంది.

5. లేచే వేళ పట్టుకోండి

అందరూ పడుకునే వేళ మీద పంతం పడతారు. పదింటికి పడుకుని తీరాలని మంచమెక్కి, పన్నెండు దాకా దొర్లుతారు. పడుకోవడం మన చేతిలో ఉంది కానీ నిద్రపోవడం మన చేతిలో లేదు. లేవడం మాత్రం మన చేతిలోనే ఉంది. కాబట్టి అక్కడ పట్టు పట్టండి.

వారంలో ఏడు రోజులూ కుదిరే ఒక వేళ ఎంచుకోండి. రాత్రి ఎంత ఆలస్యంగా నిద్రపట్టినా ఆ వేళకే లేవండి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, మధ్యాహ్నానికి కళ్లు మూతపడతాయి. అలా మూతపడటం మంచిదే, పోగైన అడినోసిన్ రాత్రికి మీ తరఫున పనిచేస్తుంది. తట్టుకోలేకపోతే మధ్యాహ్నం మూడింటి లోపు ఇరవై నిమిషాల కునుకు తీయండి, అంతకు మించొద్దు. అయితే నిద్ర చాలని రోజుల్లో బండి నడపకండి.

లేచిన గంటలోపు ఆరుబయటి వెలుగులోకి వెళ్లండి. మనిషి గడియారం సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువే తీసుకుంటుంది. పట్టించుకోకపోతే రోజుకి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుగు. మబ్బు పట్టిన రోజు కూడా బయటి వెలుగు ఇంట్లో దీపాలకంటే చాలా రెట్లు ఎక్కువ. పది ఇరవై నిమిషాలు నడిచినా చాలు.

సెలవు రోజు రెండు గంటలు ఎక్కువ పడుకుంటే ఏమవుతుందని అడుగుతారు. ఆ రాత్రి నిద్ర కూడా ఆలస్యమవుతుంది, మర్నాడు పనికి లేవాల్సిన వేళ మాత్రం మారదు. వారంలో మొదటి రోజు చిరాకు చాలావరకు అక్కడిదే. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ లెక్కన లేచే వేళ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే మంచమెక్కే వేళ దానంతటదే తేలుతుంది.

6. సాయంత్రం

కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ చేసే పనల్లా అడినోసిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చోవడం. మత్తు పోదు, తెలియకుండా పోతుంది. అది ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పడుకునే వేళకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో ఒక అధ్యయనం చూపింది. నిద్ర పలచగా ఉన్నవాళ్లు కాఫీ, టీలు మధ్యాహ్నంతో ముగించాలి. మద్యం తాగితే త్వరగా కునుకు పట్టినట్టే ఉంటుంది, రాత్రి రెండో సగంలో అదే మెలకువలు తెస్తుంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలి. ఛాతీలో మంట ఉన్నవాళ్లు ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే కాస్త ఊరట.

చివరి గంటలో పెద్ద దీపాలు ఆర్పి, పసుపు రంగు చిన్న దీపం వేసుకోండి. ఫోను గురించి మీకు నేను కొత్తగా చెప్పేది లేదు. దాని వెలుగుకంటే దాన్లో వచ్చేది ఎక్కువ మేలుకొలుపుతుందని నా అనుభవం. వేరే గదిలో ఛార్జింగు పెట్టి, పక్కన మామూలు అలారం గడియారం పెట్టుకోండి. గడియారం ముఖం గోడవైపు తిప్పి ఉంచండి.

పడుకోగానే రేపటి పనులన్నీ బారులు తీరుతున్నాయా? ఒక కాగితం తీసుకుని అయిదు నిమిషాలు అవే రాయండి. 57 మందితో చేసి 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే దాదాపు 9 నిమిషాల ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

7. మంచం మీద నిద్రపట్టకపోతే

కళ్లు మూసుకుని చాలాసేపయింది. దిండు తిప్పేశారు, పక్క మార్చారు, ఇప్పుడు పడుకుంటే ఎన్ని గంటలు మిగులుతాయో లెక్కేయడం మొదలైంది. ఆ లెక్క మొదలైందంటే లేచిపోండి. గడియారం చూడక్కర్లేదు, ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే చాలు.

పక్క గదిలోకి వెళ్లి చిన్న దీపం కింద కూర్చోండి. ఇదివరకు చదివిన పుస్తకం, మడతపెట్టాల్సిన బట్టలు, నెమ్మదైన సంగీతం, ఏదైనా ఫర్వాలేదు, అందులో గెలుపోటములు గానీ, వార్తలు గానీ ఉండకూడదు. కళ్లు మూతపడుతుంటేనే మంచానికి రండి. అలసట వేరు, నిద్ర మత్తు వేరు, తల వాలిపోతుంటే అది మత్తు. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవండి. మొదటి రాత్రులు రెండు మూడుసార్లు లేవాల్సి రావచ్చు.

రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో చెప్పిన పద్ధతి ఇది. వారాల తరబడి మంచం మీద మేలుకుని మథనపడితే, మంచం చూడగానే మనసు మథనపడటానికే సిద్ధమవుతుంది. సోఫాలో కూర్చుని జోగినవాళ్లు మంచమెక్కగానే మేలుకోవడం అందుకే. పడుకుని ఫోను చూడటం, పక్కలో లాప్‌టాప్ పెట్టుకుని పని చేయడం మానేస్తే, మంచం అంటే నిద్ర అన్న గుర్తు మళ్లీ పడుతుంది. నాకు దాదాపు మూడు వారాలు పట్టింది. చలి రాత్రి వెచ్చని దుప్పటి వదిలి లేవడం చాలా కష్టం. అందుకే పక్క గదిలో కుర్చీ మీద ఒక శాలువా, పుస్తకం సాయంత్రమే పెట్టి ఉంచేవాణ్ణి.

8. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర సరిగా లేకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మందుకంటే ముందు నిద్రలేమికి ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే సూచించింది. పైన చెప్పిన మంచం దిగే పద్ధతి అందులో ఒక భాగం. నిద్రమాత్రలు ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి.

గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేవడం, ఎన్ని గంటలు పడుకున్నా పగలు కునుకుపాట్లు, పొద్దున్నే తలనొప్పి ఉంటే మూడు నెలలు ఆగకండి. అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే జబ్బు కావచ్చు, పరుపులు, దిళ్లు మారిస్తే తగ్గేది కాదు. సాయంత్రం కాగానే కాళ్లలో ఏదో పాకినట్టై కదిలించకుండా ఉండలేకపోయినా చెప్పాలి, కొందరిలో ఇనుము లోపం వల్ల అలా అవుతుంది.

వెళ్లే ముందు రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో రాయండి. మంచమెక్కిన వేళ, నిద్రపట్టినట్టు అనిపించిన వేళ, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచిన వేళ, ఆ రోజు చివరి కాఫీ ఎప్పుడు, పగలు కునుకు తీశారా, ఏ మందులు వేసుకున్నారు. రాత్రి లేచి రాయకండి, పొద్దున గుర్తున్నంతే రాయండి. పక్కన పడుకునేవాళ్లను అడిగి గురక సంగతి కూడా రాయండి, అది మీకు తెలిసే వీలు లేదు కదా. ఆ రెండు పేజీలు ముందు పెడితే, డాక్టరు అడిగే సగం ప్రశ్నలకు మీరు తడుముకోవాల్సిన పని ఉండదు.